మొదటి రౌండ్ లెక్క

2018 నోటిఫికేషన్ నాటికి తెలంగాణలో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు దిగిన కుర్రాడు 800 మీటర్లు 170 సెకన్లలో పరుగెత్తాలి. 2022 నోటిఫికేషన్ వచ్చేసరికి దూరం 1600 మీటర్లయింది, గడువు 7 నిమిషాల 15 సెకన్లయింది. అమ్మాయిల విషయంలో మార్పు ఇంకా పెద్దది. అంతకుముందు 100 మీటర్లు 20 సెకన్లలో దాటితే సరిపోయేది. ఆ స్థానంలో 800 మీటర్ల పరుగు వచ్చింది, గడువు 5 నిమిషాల 20 సెకన్లు. అథ్లెటిక్స్‌లో ఒక దూరం నుంచి పెద్ద దూరానికి మారడమంటే కోచ్ పర్యవేక్షణలో ఏడాదో రెండేళ్లో పట్టే పని. ఇక్కడ లక్షల మంది పిల్లలు ఒక్క నోటిఫికేషన్‌తో ఆ మార్పులోకి వెళ్లాల్సి వచ్చింది. వాళ్లలో చాలామందికి దొరికిన సలహా ఒక్కటే: స్టామినా పెంచుకో. తప్పు సలహా కాదు గానీ సగం సలహా. దూరం పెరిగినప్పుడు ముందుగా మార్చుకోవాల్సింది మొదటి రౌండ్‌ను. పాత దూరంలో పనికొచ్చిన మొదటి రౌండే కొత్త దూరంలో కొంప ముంచుతుంది.

ఈ మాట చెప్పుకోవడానికి సికింద్రాబాద్‌ కంటే తగిన ఊరు లేదు. 1806లో దండు కోసం వెలసిన ఊరిది. 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రం. మోండా మార్కెట్‌లో నిలబడితే ఒకపక్క రైల్వే స్టేషన్, ఇంకోపక్క కాస్త దూరం నడిస్తే పరేడ్ గ్రౌండ్స్, ఆ వెనక కంటోన్మెంటు. పోలీసు, ఆర్మీ, రైల్వే అని మూడు రకాల యూనిఫాం కలలతో జిల్లాల నుంచి వచ్చే పిల్లలు దిగేది ఈ స్టేషన్‌లోనే. 2022 జూన్ 17న సైనిక నియామకాల కొత్త పథకం అగ్నిపథ్‌ మీద ఆగ్రహం పేలిందీ ఇక్కడే. ఆ రోజు నిరసనకు వచ్చినవాళ్లలో చాలామంది అప్పటికే పరుగు, మెడికల్ దాటి రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. పరుగు ఈ ప్రాంతపు యువతకు వినోదం కాదు, ఇంటి బియ్యం లెక్క. అందుకే ఆ పరుగును సెకన్లలో లెక్కవేసి చూడటం అవసరం.

170 సెకన్లలో 800 మీటర్లంటే 400 మీటర్ల రౌండ్‌కు 85 సెకన్లు. 7 నిమిషాల 15 సెకన్లలో 1600 మీటర్లంటే రౌండ్‌కు 108 సెకన్ల పైచిలుకు. అంటే పోలీసు నియామక బోర్డు దూరాన్ని రెట్టింపు చేస్తూనే వేగాన్ని బాగా తగ్గించింది. పాత పరీక్షకు తయారైన కుర్రాడు అదే అలవాటుతో మొదటి రౌండ్‌ను 85లో దాటాడనుకుందాం. చేతిలో దాదాపు 24 సెకన్లు మిగులు. గ్రౌండ్ బయట నిలబడ్డ స్నేహితులు ఈలలు వేస్తారు. మూడో రౌండ్‌లో ఊపిరి అందక ఒక్క వంద మీటర్లు నడిచాడనుకోండి. వడిగా నడిచినా వంద మీటర్లకు నిమిషం పడుతుంది. అదే వంద మీటర్లు లక్ష్యవేగంతో పరుగెడితే 27 సెకన్లే. పోయినవి 33 సెకన్లు. మొదటి రౌండ్‌లో చెమటోడ్చి కూడబెట్టిందంతా పోయి ఇంకా 9 సెకన్లు అప్పు తేలింది. పైగా అలా నడిచినవాడు మళ్లీ పరుగందుకోవడానికి పడే కష్టం ఈ లెక్కలో లేదు.

అసలు మొదటి రౌండ్ అంత తేలిగ్గా ఎందుకనిపిస్తుంది? ఒంట్లో శక్తి రెండు రకాలుగా తయారవుతుంది. ఊపిరితో వచ్చే ఆక్సిజన్ సాయంతో తయారయ్యేది ఒకటి, అది లేకుండా కండరాలు అప్పటికప్పుడు పుట్టించుకునేది మరొకటి. ఆక్సిజన్ సరఫరా పూర్తి స్థాయికి చేరడానికి నిమిషంన్నర, రెండు నిమిషాలు పడుతుంది. ఆలోగా లోటు పూడ్చేది రెండో రకం. అది చురుకైనది, కానీ నిల్వ తక్కువ, వాడేకొద్దీ కండరాల్లో ఆమ్లత పెరుగుతుంది. తుపాకీ పేలిన తర్వాత మొదటి అర నిమిషంలో ఒంటికి ఏ ఇబ్బందీ తెలియదు. ఆ కాసేపూ ఎంత వేగంగా వెళ్లినా బాగానే ఉన్నామనిపిస్తుంది. బిల్లు రెండో రౌండ్ చివర చేతికొస్తుంది. తొడలు రాళ్లవుతాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, డొక్కలో పట్టేస్తుంది. శిక్షణ పొందిన రన్నర్ల మీద స్పెన్సర్, గాస్టిన్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన కొలతల ప్రకారం 800 మీటర్లలో ఖర్చయ్యే శక్తిలో మూడింట రెండు వంతులు, అంటే 66 శాతం, ఆక్సిజన్ సాయంతో వస్తుంది. 1500 మీటర్లలో అది 84 శాతం. వాళ్లు నాలుగు నిమిషాల్లో ముగించే మనుషులు. మన అభ్యర్థి ఏడు నిమిషాలు పరుగెడతాడు కాబట్టి ఆ వాటా ఇంకా పెరుగుతుంది. అంటే అప్పుకు చోటు ఇంకా తగ్గుతుంది.

తెల్లవారకముందే మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డ బస్తా నెత్తికెత్తుకున్న హమాలీని గమనిస్తే ఈ సూత్రం కంటికి కనిపిస్తుంది. మోకాళ్లు కొంచెం వంచి, అడుగులు చిన్నవి చేసి, లారీ దగ్గర ఏ వేగంతో కదిలాడో కొట్టు ముందు బస్తా దించేదాకా అదే వేగం. దారి ఖాళీగా కనిపించింది కదా అని నాలుగడుగులు ఉరకడు. ఉరికితే మధ్యలో ఆగాలి, ఆగితే బరువు రెట్టింపవుతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ప్రపంచ స్థాయి 800 మీటర్ల రన్నర్లు మొదటి రౌండే వేగంగా పరుగెడతారు కదా, వాళ్లకు తెలియదా? నిజమే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో డేవిడ్ రుడీషా ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు మొదటి రౌండ్ 49.28 సెకన్లు, రెండోది 51.63. మన శ్రీరామ్ సింగ్ 1976 మాంట్రియల్ ఫైనల్‌లో మొదటి రౌండ్‌ను ముందుండి నడిపించాడు. ఆ వేగం మీద విజేత వాంటొరెనా ప్రపంచ రికార్డు కొడితే, ఏడో స్థానంలో వచ్చిన శ్రీరామ్ సింగ్ పెట్టిన 1 నిమిషం 45.77 సెకన్ల జాతీయ రికార్డు 42 ఏళ్లు నిలిచింది. రాస్ టకర్, టిమ్ నోక్స్ తదితర దక్షిణాఫ్రికా పరిశోధకులు 2006లో పురుషుల ప్రపంచ రికార్డులను పరిశీలిస్తే, 800 మీటర్ల రికార్డులు 26లో రెండో రౌండ్ వేగంగా ఉన్నవి రెండే రెండు. కాబట్టి 800కు ఆ పద్ధతి సరైనదే. అయితే అదే పరిశోధన మైలు పరుగు దగ్గరకు వచ్చేసరికి ఇంకో బొమ్మ చూపించింది. అక్కడ మొదటి, చివరి రౌండ్లు వేగం, మధ్య రెండూ నెమ్మది. 5,000, 10,000 మీటర్లలోనూ మొదలు, చివర కొంచెం చురుకు, మధ్యంతా ఒకే తీరు. దూరం మారితే పరుగు ఆకారమే మారిపోతుందన్నమాట. 1954 మే 6న రోజర్ బానిస్టర్ మైలును నాలుగు నిమిషాల్లోపు తొలిసారి దాటినప్పటి రౌండ్లు 57.5, 60.7, 62.3, 58.9 సెకన్లు. చరిత్రలో నిలిచిపోయిన ఆ పరుగులో కూడా అన్నిటికంటే వేగమైన రౌండ్‌కూ నెమ్మదైన రౌండ్‌కూ తేడా ఐదు సెకన్లు దాటలేదు. అదీ బ్రాషర్, చాటవే అనే ఇద్దరు మిత్రులు ముందు నడుస్తూ వేగం కాస్తే సాధ్యమైంది. 2020లో మొనాకోలో జాషువా చెప్టెగై 5,000 మీటర్లను 12 నిమిషాల 35.36 సెకన్లలో దాటాడు. సగటున కిలోమీటరుకు 2 నిమిషాల 31 సెకన్లు, ఏ కిలోమీటరూ అందుకు ఒకటి రెండు సెకన్లు మించి అటూ ఇటూ పోలేదు.

ఆ రికార్డు వీరులతో మనకేం పోలిక అనవచ్చు. పోలిక వేగంలో లేదు, శక్తిని రౌండ్ల మధ్య పంచే పంపకంలో ఉంది. పైగా మన అభ్యర్థికి పంపకం వాళ్లకంటే ఎక్కువ కలిసొస్తుంది. పీటర్ రీగల్ అనే అమెరికన్ ఇంజనీరు 1977లో ఒక చిన్న సూత్రం చెప్పాడు. దూరం రెట్టింపైతే పట్టే సమయం రెండింతలకు కొంచెం ఎక్కువ, సుమారు 2.08 రెట్లు. ఈ లెక్కన 170 సెకన్లలో 800 దాటగలిగినవాడు తగిన ప్రాక్టీస్ ఉంటే 1600 మీటర్లను 5 నిమిషాల 54 సెకన్ల చుట్టుపక్కల ముగించాలి. పోలీసు గడువు 7 నిమిషాల 15 సెకన్లు. అంటే 80 సెకన్ల వెసులుబాటు. సూత్రం ప్రతి మనిషికీ అచ్చంగా సరిపోదు, పొట్టి దూరాల దగ్గర మరీ మొరాయిస్తుంది, ఒప్పుకుందాం. అందులో సగమే నిజమనుకున్నా 40 సెకన్లు మిగులుతాయి. అలాంటివాడు 1600లో తప్పాడంటే శక్తి లేక తప్పాడనడం కష్టం. ఉన్న శక్తిని ఎక్కడ ఖర్చుపెట్టాడో చూడాలి.

ఆర్మీ ర్యాలీ లెక్క వేరు. అక్కడ అదే 1600 మీటర్లను ఐదున్నర నిమిషాల్లోపు ముగిస్తే పూర్తి 60 మార్కులు. రౌండ్‌కు 82.5 సెకన్లు. ఒక్క క్షణం ఆగి చూడాల్సిన అంకె ఇది. పాత పోలీసు పరీక్షలో 800కు అడిగిన వేగం కంటే ఇది ఎక్కువ, దూరం మాత్రం రెట్టింపు. ఒకే కుర్రాడు ఒకే గ్రౌండ్‌లో ఈ రెండు పరీక్షలకూ తయారవుతుంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా రాస్తే అక్కడ పురుషులకు 1600 మీటర్లు 8 నిమిషాలు, రౌండ్‌కు సరిగ్గా రెండు నిమిషాలు. దూరం ఒకటే అయినా ఇవి మూడు వేర్వేరు పరుగులు. ఆర్మీ పరుగులో మొదటి రౌండ్‌ను మరీ దాచుకుంటే తర్వాత పూడ్చుకోలేరు. 90 సెకన్లలో దాటితే మిగిలిన మూడూ 80 చొప్పున రావాలి, అలసిన కాళ్లకు అది అయ్యే పని కాదు. అందుకని ‘నెమ్మదిగా మొదలెట్టు, చివర్లో కొట్టు’ అనే గ్రౌండ్ సలహాను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఆర్మీకి 80, 83, 84, 82 లాంటి వరస నప్పుతుంది. పోలీసుకు 104, 108, 109, ఆ తర్వాత కాళ్లలో ఎంతుంటే అంత.

గుంపు సంగతి? బ్యాచ్‌లో పదుల మంది ఒకేసారి దూకుతారు, ముందు పడకపోతే ఇరుక్కుపోతాం, మోచేతులు తగులుతాయి, పడిపోతాం అంటారు పిల్లలు. ఈ భయంలో న్యాయం ఉంది. కాబట్టి దాన్ని కూడా సెకన్లలోకి మార్చి చూద్దాం. ట్రాక్ మీద ఒక లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఒక లేన్ బయటికి జరిగి మొత్తం రౌండ్ తిరిగితే దాదాపు 7.7 మీటర్లు అదనం, పోలీసు వేగంతో రెండు సెకన్లు. నాలుగు రౌండ్లూ బయటే తిరిగితే 30 మీటర్లు దాటుతుంది, ఎనిమిది సెకన్లు పోతాయి. ఎనిమిది సెకన్లు చిన్నవి కావు, కొందరిని అవే ఫెయిల్ చేస్తాయి. కానీ మొదటి మలుపులో మాత్రం బయట ఉంటే పోయేది ఒక్క సెకను. ఆ ఒక్క సెకను మిగుల్చుకోవడానికి పూర్తి రౌండ్‌ను పాతిక సెకన్ల ముందు లాగడం తెలివైన బేరం కాదు. మొదటి 40, 50 మీటర్లు చురుగ్గా వెళ్లి చోటు చూసుకోవచ్చు, దాని ఖర్చు ఒళ్లు భరిస్తుంది. ఆ తర్వాత వేగం దించాలి. గుంపు మొదటి రౌండ్ చివరికి ఎలాగూ తీగలా సాగుతుంది, లోపలి గీత దానంతటదే ఖాళీ అవుతుంది. ఎవరినైనా దాటాల్సి వస్తే మలుపులో కాకుండా తిన్నని దారిలో దాటాలి, అక్కడ పక్కకు జరిగినందుకు అదనపు దూరం దాదాపు ఉండదు.

ఒకరి వెనక నక్కి పరుగెడితే గాలి తగలదు, శక్తి మిగులుతుంది అనే మాట కూడా గ్రౌండ్లలో వినిపిస్తుంది. గ్రిఫిత్ ప్యూ అనే పరిశోధకుడు 1971లో దీన్ని కొలిచాడు. సెకనుకు 6 మీటర్ల వేగంతో వెళుతున్నప్పుడు ముందువాడికి మీటరు దూరంలో ఉంటే గాలి ఎదురుకు పెట్టే ఖర్చులో ఎక్కువ భాగం తప్పుతుంది. మన పోలీసు పరుగు సెకనుకు 3.7 మీటర్లు. ఆ వేగంలో గాలి ఆదా లెక్కలోకి రాదు. వెనక ఉండటంలో అసలు లాభం వేరే ఉంది. సరైన వేగంతో వెళ్లే మనిషి దొరికితే వేగం గురించి ఆలోచించే పని తప్పుతుంది. హైదరాబాద్ మారథాన్‌లో పేసర్ల వెంట జనం గుంపులుగా వెళ్లేది అందుకే. ఈవెంట్స్‌లో మాత్రం ముందువాడు పేసర్ కాదు, వాడూ మనలాగే కంగారులో ఉన్నవాడే.

టీవీలో పెద్ద పోటీలు చూసి నేర్చుకునేవాళ్లకు ఇంకో చిక్కు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో జిన్సన్ జాన్సన్ 800లో రజతం సాధించి, ఆ తర్వాత 1500లో స్వర్ణం గెలిచాడు. దూరం పెంచుకుని గెలవడానికి మన దేశంలో దీన్ని మించిన ఉదాహరణ అరుదు. గెలిచిన సమయం 3 నిమిషాల 44.72 సెకన్లు. అదే ఏడాది గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో అంతకంటే దాదాపు ఏడు సెకన్లు వేగంగా, 3 నిమిషాల 37.86 సెకన్లలో జాతీయ రికార్డు పెట్టి కూడా ఐదో స్థానంతో సరిపెట్టుకున్నాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో సెంట్రోవిట్జ్ 1500 మీటర్ల స్వర్ణం గెలిచింది 3 నిమిషాల 50 సెకన్లలో. పతకాల పోటీలో గడియారానికి విలువ లేదు, పక్కవాడి కంటే ముందుంటే చాలు. అందుకే వాళ్లు మూడు రౌండ్లు ఒకరినొకరు కనిపెట్టుకుంటూ సాగి చివరి 300 మీటర్లలో పేలుస్తారు. కానిస్టేబుల్ పరుగులో పక్కవాడు ప్రత్యర్థే కాదు. వాడు ముందొచ్చినా వెనకొచ్చినా గడువు మారదు. పక్కవాడితో పంతానికి పోయి గడియారం ముందు ఓడిపోవడం ఈ పరుగులో జరిగే అతి సాధారణమైన, అతి అనవసరమైన నష్టం.

లెక్కలు సరే, ఒంట్లో దమ్ము లేకపోతే ఏ లెక్క పనిచేస్తుంది అనేది చివరి అభ్యంతరం. పని చేయదు. ఆరు నిమిషాల మనిషిని పంపకం ఐదున్నర మనిషిని చేయదు. అది నెలల తరబడి చేసిన ప్రాక్టీస్ చేయాల్సిన పని. కాకపోతే ఆ ప్రాక్టీస్‌లోనే వేగం నేర్చుకోవాలి, రోజూ ఒంట్లో ఉన్నదంతా పెట్టి 1600 కొడితే వేగం తెలియదు, అలసట తెలుస్తుంది. పోలీసు అభ్యర్థి 200 మీటర్లను 54 సెకన్లలో, ఆర్మీ అభ్యర్థి 41లో, మధ్యలో కొద్దిగా జాగింగ్ చేస్తూ ఎనిమిదిసార్లు పరుగెత్తాలి. మొదట వాచీ చూసుకుంటూ, కొన్ని వారాల తర్వాత వాచీ స్నేహితుడి చేతికిచ్చి. ముగించాక తనకెంత అయిందో ముందు తానే చెప్పి, తర్వాత వాచీ చూడాలి. ఒకటి రెండు సెకన్ల తేడాలోకి వచ్చాడంటే ఆ వేగం కాళ్లకు అంటిందన్నట్టు. ఇంకో మామూలు విషయం, కానీ చాలామంది ఎగ్గొట్టేది: గ్రౌండ్ కొలుచుకోవడం. ఊళ్లో హైస్కూల్ గ్రౌండ్ రౌండ్ 400 ఉంటుందని ఎవరు చెప్పారు? అది 350 అయితే నెలల తరబడి రాసుకున్న టైమింగ్స్ అన్నీ తప్పు. ఫోన్‌లో యాప్ చూపించే దూరం చిన్న మలుపుల దగ్గర తడబడుతుంది. టేపు పట్టుకుని లోపలి గీత వెంబడి కొలిస్తే అరగంట పని.

ఈ చర్చలో అమ్మాయిల పరుగు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ మొదటి రౌండ్ విషయం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది అక్కడే. 100 మీటర్లకు 20 సెకన్లు అడిగిన పరీక్ష 800 మీటర్లకు 320 సెకన్లు అడుగుతోంది, అంటే వందకు 40. పాత వేగంలో సరిగ్గా సగం. గంటకు 9 కిలోమీటర్లు, బస్సు కోసం కాస్త వడివడిగా ఉరికే వేగం. ఎంతోమంది అమ్మాయిలకు స్కూల్ స్పోర్ట్స్ డేలో వంద మీటర్లు తప్ప ఇంకే పరుగూ అలవాటు ఉండదు. విజిల్ వినగానే కాళ్లు ఆ వంద మీటర్ల పరుగే పరుగెడతాయి. 20 సెకన్లలో మొదటి వంద దాటితే 20 సెకన్లు మిగిలినట్టే, కానీ తర్వాత ఎక్కడో ఒక్క వంద మీటర్లు నడిస్తే అవి చెల్లు. రెండొందలు నడిస్తే గడువు దాటిపోయినట్టే. మొదటి వందను 36, 38 సెకన్లలో వెళ్లినమ్మాయి అందరికంటే వెనక ఉంటుంది, చూసేవాళ్లకు జాలేస్తుంది. రెండో రౌండ్ మొదటి మలుపు దగ్గర ఆమె ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళుతుంది, వేగం పెంచకుండానే.

ఈ జాగ్రత్తకు ఉద్యోగాన్ని మించిన కారణం కూడా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో పోలీసు ఎంపికలకు 5 కిలోమీటర్ల పరుగు ఉండేది. ఆ పరుగులో అభ్యర్థుల ప్రాణాలు పోయిన ఘటనలు విమర్శలకు దారితీశాయి, చివరికి దాన్ని తీసేశారు. గుండెలో ముందే ఉన్న లోపాన్ని ఏ పంపకమూ సరిచేయలేదు, దానికి డాక్టరు పరీక్షే దారి. కానీ రాత్రంతా ప్రయాణం చేసి, నిద్ర లేకుండా, నీళ్లు సరిగా తాగకుండా ఎండలో వరసలో గంటలు నిలబడి, అప్పుడు మొదటి రౌండ్‌నే చివరి రౌండ్‌లా పరుగెత్తేవాడు తన ఒంటిని రెండు వైపుల నుంచీ పిండుతున్నాడు. ముందు రోజే ఊరు చేరుకోవడం, పిలుపుకు పావుగంట ముందు పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కించుకోవడం, కళ్లు తిరిగినా ఛాతీలో నొప్పి అనిపించినా ఆ క్షణమే ఆగిపోవడం ముఖ్యం. ఆగినవాడికి ఇంకో నోటిఫికేషన్ వస్తుంది.